తాడు ఎవరి చేతిలో ఉంది?

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

బుక్కరాయసముద్రంలో మా హాస్టల్ పిల్లలం నలుగురం ఒక పలకకు చెక్క పిడులు బిగించుకుని ఎక్కడం నేర్చుకుంటున్నాం. 2014 మే 25న మన లంబాడీ బిడ్డ మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది కదా, ఆ పిచ్చి. కానీ అనంతపురం ఎండకు చెక్క ఆరి కుంచించుకుపోతుంది, బోల్టు వదులవుతుంది. ఒకరోజు నా చేతిలోనే పిడి గిర్రున తిరిగింది. అప్పటి నుంచి ఎక్కేముందు ప్రతి పిడినీ కదిపి చూస్తాం. పగులుంటే తీసేస్తాం. చెమట జిడ్డు బ్రష్‌తో దులిపి, పేళ్లు లేస్తే గరుకు కాగితంతో రుద్దుతాం.

ఫోన్లో చెబితే మా తాత నవ్వాడు. "తాడు ఎవరు పట్టుకున్నార్రా, నీ బామ్మర్దేనా?" అన్నాడు. పెళ్లే కాలేదు, బామ్మర్ది ఎక్కడ?

లైబ్రరీలో థర్‌స్టన్ పుస్తకం చదివాక అర్థమైంది. 1909లో మద్రాసులో ఏడు సంపుటాలుగా అచ్చయిన ఆ పుస్తకంలో మా యానాదులు కొండచరియల్లో తేనె తీసే పద్ధతి ఉంది. పైన చెట్టుకో, గట్టి చోటనో మేకు దిగ్గొట్టి, వంగే వెదురుతో అల్లిన తాడు దానికి కట్టేవాళ్లు. బుట్ట, కర్ర పట్టుకుని మనిషి దిగేవాడు. కింద పొగబెట్టి ఈగలను తోలి, కర్రతో తేనెపట్టును పొడిచి బుట్టలోకి తీసుకునేవాడు. నిండాక తాడు ఊపితే పైవాడు లాగేవాడు. ఆ పైవాడు దాదాపు ఎప్పుడూ బామ్మర్దే. మోసం జరక్కుండా అన్నమాట. తోబుట్టువు తాళి తెగాలని ఎవడు కోరుకుంటాడు?

వెదురు ఎండితే పెళుసు, మేకు వదులైతే ప్రాణం పోతుంది. బోల్టులు లేని కాలంలో ఆ బాధ్యతను చుట్టరికం మీద పెట్టారు. మనోళ్లకు సేఫ్టీ తెలియదనేవాళ్లకు ఇది చెప్పండి.

అక్కడే ఇంకో మాట కూడా ఉంది. అంత తేనె, మైనం తెచ్చినా కాంట్రాక్టరు ఇచ్చేది పొట్టకు సరిపోయే కూలే. తాడు మనవాడి చేతిలో ఉంది, తూకం లేదు. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు రాసింది. అందులో వెదురు, తేనె, మైనం పేరుపేరునా ఉన్నాయి. ఆ పుస్తకం అచ్చయ్యాక 97 ఏళ్లు పట్టింది.

మేకుకు ఏ కర్ర మంచిదో, దిగేముందు తాడును ఎలా చూసేవాళ్లో మన తాతలకు తెలుసు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అడగండి, ఇక్కడ రాయండి. ఈసారి మన మాట మనమే రాసుకుందాం.