సెకండ్ హ్యాండ్ బైక్ కొంటున్నారా? డబ్బు చేతిలో పెట్టే ముందు ఇవి చూసుకోండి

సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు చాలామంది ఇంజిన్ శబ్దం వింటారు, బేరం ఆడతారు, ఆర్‌సీ తీసుకుని ఇంటికి వచ్చేస్తారు. పేరు మార్పిడిని ‘తర్వాత చూద్దాం’ అని వదిలేస్తారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. బండి చేతులు మారినా ఆర్‌సీలో పేరున్నవారే చట్టం దృష్టిలో యజమాని అని సుప్రీంకోర్టు 2018లో ఓ కేసులో స్పష్టం చేసింది. కొన్నవారు ప్రమాదం చేస్తే, బీమా లేని పక్షంలో పరిహారం భారం అమ్మినవారి మెడకు చుట్టుకోవచ్చు.

ముందు ఫోన్‌లోనే చూడండి

బండి నంబర్ అడిగి తీసుకోండి. ఎంపరివాహన్ యాప్‌లో గానీ, రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైట్‌లో గానీ రిజిస్ట్రేషన్ తేదీ, బీమా గడువు వంటి వివరాలు చూడండి. పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో పెండింగ్ చలాన్లు ఉన్నాయేమో చూసి, అమ్మేవారితోనే కట్టించండి. సొంత వాహనానికి ఆర్‌సీ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత రెన్యువల్ చేయించాలి. పాత బండి అయితే ఆ ఖర్చు కూడా లెక్కేసుకోండి.

ఫైనాన్స్ తీరిందా?

ఆర్‌సీలో బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ పేరు ఉంటే, అప్పు తీరినట్లు ఎన్‌ఓసీ, ఫారం 35 తప్పనిసరిగా అడగండి. ‘కిస్తీలు ఎప్పుడో అయిపోయాయి’ అన్న మాట సరిపోదు.

బండిని ఎలా చూడాలి?

- ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి ఉంచితే స్టార్టింగ్ సమస్య బయటపడదు.
- సైలెన్సర్ నుంచి నీలం రంగు పొగ వస్తుంటే ఇంజిన్ ఆయిల్ మండుతున్నట్లే.
- ముందు ఫోర్కుల దగ్గర ఆయిల్ కారుతోందా, హ్యాండిల్ ఒకవైపు లాగుతోందా గమనించండి.
- మీటర్‌లో తక్కువ కిలోమీటర్లు ఉండి, ఫుట్‌రెస్ట్ రబ్బర్లు బాగా అరిగిపోయి ఉంటే అనుమానించాలి.
- ఛాసిస్, ఇంజిన్ నంబర్లను ఆర్‌సీతో ఒక్కో అంకె పోల్చండి. గీసినట్లు, మళ్లీ కొట్టినట్లు ఉంటే ఆ బండి వద్దు.

పేరు మార్పిడి ఎలా?

ఫారం 29, ఫారం 30లపై సంతకాలు పూర్తయ్యాకే మొత్తం డబ్బు ఇవ్వండి. మోటారు వాహనాల చట్టం ప్రకారం రాష్ట్రంలోనే రిజిస్టరైన బండి అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ కావాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుందో ముందే కనుక్కోండి.

బీమా మరవొద్దు

పాలసీని మీ పేరు మీదకు మార్చాలని 14 రోజుల్లోగా బీమా సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి. లేదంటే రేపు బండి దెబ్బతిన్నా, చోరీకి గురైనా క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది.

అమ్మేవారికీ ఒక మాట. తేదీ, సమయం రాసిన డెలివరీ రసీదు మీద కొన్నవారి సంతకం, గుర్తింపు కార్డు కాపీ తీసుకోండి. ఆర్‌సీలో పేరు మారిందని నిర్ధారించుకునే వరకు వాటిని భద్రంగా ఉంచుకోండి.