మా భర్తలను మాకివ్వండి!

1943 ఫిబ్రవరి 27, శనివారం. తెల్లవారుతూనే బెర్లిన్ ఫ్యాక్టరీల ముందు లారీలు ఆగాయి. యంత్రాల దగ్గరున్న యూదు కార్మికులను నాజీల ఎస్‌ఎస్ సైనికులు ఉన్నపళంగా, ఒంటిమీది పని బట్టలతోనే లారీలెక్కించారు.

వారిలో యూదులు కాని జర్మన్ స్త్రీలను పెళ్లాడినవారినీ, అలాంటి ఇళ్లలో పుట్టిన పిల్లలనూ వేరు చేశారు. సుమారు రెండు వేల మంది. రోజెన్‌స్ట్రాసె వీధిలోని యూదు సంఘం భవనంలో వాళ్లను కుక్కి తలుపులు మూశారు.

పొద్దుగూకినా మగమనిషి ఇల్లు చేరలేదు. ఆ నోటా ఈ నోటా విని భార్యలు ఒక్కొక్కరే ఆ వీధికి వచ్చారు. ఇంటి తాళంచెవి ఆయన దగ్గరే ఉండిపోయిందని ఒకామె కాపలావాణ్ణి బతిమాలింది. రేషన్ కార్డు ఆయన జేబులో ఉందని మరొకామె. తాళంచెవి ఒక వంక మాత్రమే. మనిషి లోపల ఉన్నాడో లేడో తెలియాలి.

మర్నాటికి వాళ్లు గుంపయ్యారు. కాల్చేస్తామని పోలీసులు బెదిరిస్తే పక్క సందుల్లోకి తప్పుకున్నారు, కాసేపటికి తిరిగొచ్చారు. మార్చి 1 రాత్రి బ్రిటిష్ విమానాలు నగరం మీద బాంబులు కురిపించాయి. అయినా వాళ్లు ఆ చోటు వదల్లేదు. "మా భర్తలను మాకివ్వండి!"

పదేళ్లుగా వీళ్లను విడాకులివ్వమని వేధించని అధికారి లేడు. ఆ సంతకం పెడితే, తమతో పెళ్లి వల్ల భర్తకు మిగిలిన ఆ కాస్త రక్షణా పోతుందని తెలిసి, అవమానాలన్నీ దిగమింగుకున్న ఆడవాళ్లు. ఇదే నగరంలో, ఈ అరెస్టులకు తొమ్మిది రోజుల ముందు, స్పోర్ట్‌పలాస్ట్ సభలో, సంపూర్ణ యుద్ధం కావాలా అని నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ అడిగితే వేలమంది లేచి కావాలని కేకలు వేశారు.

మార్చి 6 నుంచి దాదాపు అందరినీ వదిలేశారు. అప్పటికే ఆష్విట్జ్ శిబిరానికి పంపిన 25 మందిని సైతం వెనక్కి రప్పించారు. ఆ స్త్రీల పట్టుదలకే ప్రభుత్వం తలొగ్గిందా, వారి భర్తలను పంపే ఉద్దేశం మొదటినుంచీ లేదా అన్నదానిపై చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకు మాత్రం ఒకటి స్పష్టం: వీధిలో నిలబడి ఎదురడిగిన ఆ స్త్రీల మీద తుపాకి పేలలేదు. 1941 ఆగస్టులో మ్యూన్‌స్టర్ బిషప్ ఫాన్ గాలెన్ ప్రభుత్వం సాగిస్తున్న మానసిక రోగుల హత్యలను చర్చి వేదిక మీదే ఖండించినప్పుడూ హిట్లర్ ఆయన్ను ముట్టుకోలేదు. విషవాయు గదుల్లో ఆ హత్యలను ఆపమని ఆ నెలలోనే ఆదేశించాడు, చాటుమాటుగా మాత్రం అవి సాగాయి. జనం ఏమనుకుంటున్నారో ఆ ప్రభుత్వం చెవి ఒగ్గి వినేది. అందుకే జనం ఊరుకోవడాన్ని వట్టి భయమని నేను సరిపెట్టుకోలేను.

యూదులను పట్టుకునేందుకు జరిగిన ఆ దాడులకు చిక్కినవారిలో జర్మన్ భార్య లేనివారే ఎక్కువ. సుమారు ఏడు వేల మంది. కొందరిని ముందే హెచ్చరించి దాచిన జర్మన్లు లేకపోలేదు. చిక్కినవారిని మాత్రం కొద్ది రోజుల్లోనే ఆష్విట్జ్ రైళ్లెక్కించారు. వారి కోసం బెర్లిన్‌లో ఏ వీధిలోనూ జనం గుమిగూడలేదు.