రిజిస్టరుకెక్కని డాక్టరు

1858 మార్చిలో 200 మంది ఖైదీలతో అండమాన్‌లో దిగిన తొలి పాలనాధికారి జేమ్స్ ప్యాటిసన్ వాకర్ వృత్తిరీత్యా వైద్యుడు. పారిపోయి దొరికిన ఖైదీలలో 81 మందిని ఒకే రోజున ఉరి తీయించాడు. అప్పుడు డాక్టరే చట్టం.

రెండేళ్లకు భారత శిక్షాస్మృతి వచ్చింది. గుర్రం మీది నుంచి పడి స్పృహ తప్పిన మనిషికి, అతని సమ్మతి కోసం ఆగకుండా, సదుద్దేశంతో కపాల శస్త్రచికిత్స చేసిన వైద్యుడు నేరస్థుడు కాడని 92వ సెక్షన్ ఉదాహరణ. నేటి న్యాయ సంహిత 30వ సెక్షన్‌లోనూ ఆ గుర్రం అలాగే ఉంది. అయితే ఆ ఉదాహరణలోని వైద్యుడు చదువు పూర్తయినవాడు.

1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా ప్రాణం కాపాడడం ప్రతి డాక్టరు బాధ్యత అన్నది. ఆ కేసులో క్షతగాత్రుణ్ణి ఇరవై కిలోమీటర్ల దూరంలోని మరో ఆసుపత్రికి పొమ్మన్నారు, దారిలోనే చనిపోయాడు. క్యాంప్‌బెల్ బే నుంచి పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రికి 500 కిలోమీటర్లకు పైగా సముద్రం. ఓడో హెలికాప్టరో రావాలి, వాతావరణం ఒప్పుకోవాలి. అలాంటి చోట రాత్రి డ్యూటీలో ఇంటర్న్ ఒక్కడే ఉంటే కాదనే హక్కు అతనికి లేదు.

మరి రక్షణ? 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు, తీవ్ర నిర్లక్ష్యం ఉంటే తప్ప డాక్టరుపై క్రిమినల్ కేసు నిలవదన్నది. ముందుగా స్వతంత్ర వైద్యుని అభిప్రాయం తీసుకోమన్నది. 2023 డిసెంబరులో హోంమంత్రి అమిత్ షా డాక్టర్లకు ఊరటనిస్తున్నామని లోక్‌సభలో ప్రకటించారు. ఆచరణలో వచ్చినదేమిటి? నిర్లక్ష్యం వల్ల మరణానికి 106వ సెక్షన్ కింద అందరికీ ఐదేళ్ల వరకు జైలు, వైద్య ప్రక్రియలో రిజిస్టర్డ్ డాక్టరుకు రెండేళ్ల వరకు. పాత 304ఎలో అందరికీ గరిష్ఠం రెండేళ్లే. పైగా అప్పుడు జరిమానాతో సరిపెట్టే వీలుండేది. ఇప్పుడు జైలు, జరిమానా రెండూ.

ఇంటర్న్ సంగతి ఇంకా చిక్కు. జాతీయ లేదా రాష్ట్ర రిజిస్టరులో పేరు ఎక్కినవారే రిజిస్టర్డ్ డాక్టర్లని ఆ సెక్షన్ వివరణ. పీజీ విద్యార్థి పేరు అందులో ఉంటుంది. ఇంటర్న్ చేతిలో ఉన్నది తాత్కాలిక రిజిస్ట్రేషన్ మాత్రమే, అదీ సీనియర్ పర్యవేక్షణలో పనిచేయడానికి. అక్షరాలా చదివితే తక్కువ అనుభవం ఉన్నవాడికే ఎక్కువ శిక్ష.

2015 నుంచి పోర్ట్ బ్లెయిర్‌లో వైద్య కళాశాల ఉంది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు; ఆ ఇంటర్న్ మన ఇంటి పిల్లాడే కావచ్చు. 106వ సెక్షన్ వివరణలో 'తాత్కాలిక రిజిస్ట్రేషన్ గలవారు సహా' అన్న నాలుగు మాటలు చేర్చడానికి పార్లమెంటుకు ఎన్ని సమావేశాలు కావాలి?