మరచిపోయిన వాద్యం

సామ్రాజ్యవాద యుద్ధంలో చచ్చిపోయిన సిపాయిని తలచుకోవడం ఆ యుద్ధాన్ని మెచ్చుకోవడమేనని మన సభల్లో కొందరు మిత్రులు వాదించగా విన్నాను. ఆ వాదం నాకు మింగుడుపడదు. జేమ్స్ క్లెలాండ్ రిచర్డ్‌సన్ కథ చదివాక అసలే పడడం లేదు.

అతడు 1895లో స్కాట్లండులోని బెల్స్‌హిల్‌లో పుట్టాడు. కుటుంబం కెనడాకు వలసపోయి, చిల్లివాక్‌లో స్థిరపడింది. యుద్ధం వచ్చాక అతడు 16వ బెటాలియన్‌లో బ్యాగ్‌పైప్ వాయించే సిపాయి అయ్యాడు. (మన వీధి భాగవతులు శ్రుతికి పట్టే మేకతోలు తిత్తికి అది చుట్టమే.) ఆ పటాలం పేరు కెనడియన్ స్కాటిష్. సముద్రం దాటిపోయిన వాణ్ణి పుట్టినగడ్డ పేరు పెట్టే మళ్లీ వెనక్కు పిలిచారన్నమాట!

1916 అక్టోబర్ 8. ఫ్రాన్సులో సోమ్ యుద్ధరంగం. రెజీనా కందకం ముందు ముళ్లకంచె తెగలేదు, దళాధికారి కూలిపోయాడు. రిచర్డ్‌సన్ తుపాకిగుళ్ల మధ్య ఆ కంచె ముందే అటూ ఇటూ నడుస్తూ సుమారు పది నిమిషాలు వాయించాడు. దళం లేచి కంచె మీదికి ఉరికింది. తరువాత గాయపడిన తోటివాణ్ణి, ఖైదీలను వెనక్కు తీసుకుపొమ్మన్నారు. రెండు వందల గజాలు పోయాక వాద్యం మరచిన సంగతి గుర్తొచ్చింది. వద్దన్నా వినక వెనుదిరిగాడు. మళ్లీ ఎవరికీ కనిపించలేదు. అప్పటికి ఇరవై ఏళ్లవాడు.

కందకం ఆనాడు చిక్కలేదు. పూర్తిగా వశమయింది నవంబర్ 11న. విక్టోరియా క్రాస్ ప్రకటించింది 1918 అక్టోబర్ 22న. సామ్రాజ్యానికి కావలసింది కంచె ముందరి ఆ పది నిమిషాలు. రచయితకు కావలసింది ఆ రెండు వందల గజాలని నా అభిప్రాయం. ఏ అధికారీ ఆజ్ఞాపించని నడక అది. తన వస్తువు కోసం ఒక పనివాడు వెనక్కు నడిచిన నడక.

వాద్యం సంగతి ఇంకా విచిత్రం. సైన్యంలో మతాచార్యుడుగా ఉన్న ఒకాయనకు 1917లో అది విరిగి, బురద పట్టి దొరికింది. ఆయన స్కాట్లండులో బడిపంతులు. క్రీఫ్ ఊళ్లోని ఆర్డ్‌వ్రెక్ పాఠశాలలో దశాబ్దాలపాటు అది ఎవరిదో తెలియకుండా ఉండిపోయింది. దానికి చుట్టిన గళ్లగుడ్డను బట్టి కడకు ఆనవాలు పట్టారు. చిల్లివాక్‌లో 2003లోనే విగ్రహం నిలబెట్టారు. వాద్యం మాత్రం 2006లో గాని బ్రిటిష్ కొలంబియా శాసనసభ భవనానికి చేరలేదు. నేనూ బడిపంతులునే గనుక కాబోలు, విగ్రహం కన్నా బడిలో అనామకంగా పడివున్న ఆ విరిగిన వాద్యమే నా మనసులో నిలిచింది.

రిచర్డ్‌సన్ ఎముకలు 1920లో దొరికాయి. సమాధి ఫ్రాన్సులోనే, ఆడనాక్ అనే సైనిక శ్మశానంలో ఉంది. కెనడా అన్న మాటను ఇంగ్లీషులో తిరగేసి రాస్తే వచ్చే పేరు అది.