కోలాటము

ఆడువాడు వేఱు, చూచువాడు వేఱు అను విభజనమీదనే మన నాట్యశాస్త్రగ్రంథము లధికభాగము నిలిచియుండగా, ఆ విభజనను లెక్కసేయక, ఊరివారే యాడి, ఊరివారే పాడి, తమలో తామే యానందించు కోలాటమునకు చరిత్ర వ్రాయుట కొంత చిక్కైన పని. ఏలయన, చరిత్రకారునకు ఆధారములు మిగిల్చిన ఆస్థానములును ఆలయములును ఈ యాటను చూచి మెచ్చినవేగాని పుట్టించినవి కావు.

పండితులు దీని వంశమును శ్రీకృష్ణుని రాసక్రీడతో ముడిపెట్టి, హరివంశమునందలి హల్లీసకమను వలయనృత్యమును, భాగవత దశమస్కంధమునందలి రాసమండలమును ఉదాహరింతురు. నాకు మాత్రము ఈ వంశవృక్షము తలక్రిందుగా నున్నట్లు తోచును. గొల్లపల్లెలలో పడుచులు వలయముగా నిలిచి యాడుట అంతకుముందే లేకున్నచో పౌరాణికునకు ఆ దృశ్యమెట్లు స్ఫురించును? మాళవప్రాంతమున బాఘ్ నాలుగవ గుహయందు, క్రీ. శ. 5, 6 శతాబ్దుల నాటివని యెన్నబడు వర్ణచిత్రములలో, నర్తించువాని చుట్టును గుమిగూడిన స్త్రీలలో కొందఱు తాళములను, కొందఱు మద్దెలను, మఱికొందఱు చిన్నకోలలను పట్టి వాయించుచున్నారు. అచట గోపాలుని జాడ లేదు. అది బౌద్ధభిక్షువుల విహారము!

తెలుగునేల విషయమునకు వచ్చినచో, కాకతి గణపతిదేవుని గజసాహిణియైన జాయపసేనాని 1253-54 ప్రాంతమున సంస్కృతమున రచించిన నృత్తరత్నావళి మనకు పెన్నిధి. అందలి యెనిమిది యధ్యాయములలో మొదటి నాలుగు శాస్త్రనియతమైన మార్గనృత్తమునకును, తక్కిన నాలుగు ఆయా ప్రాంతముల జనులాడు దేశినృత్తములకును చెందినవి. ఏనుగుల దండును నడపిన దండనాయకుడు దేశినృత్తములకు గ్రంథమున సరిగా సగముపాలిచ్చి, కోలలతో నాడు దండరాసకమును సైతము శాస్త్రమున కెక్కించుట సామాన్యమైన యౌదార్యము కాదు. తరువాత విజయనగర శిల్పులు హంపిలోని మహానవమిదిబ్బ రాతిపట్టికలపై కోలలు పట్టిన నర్తకీసమూహములను చెక్కిరి. 1623లో కన్నడసీమయందలి ఇక్కేరికి వచ్చిన ఇటలీ యాత్రికుడు పియత్రో దెల్లా వాలె, పడుచులు రంగులు పూసిన పొట్టికోలలను తాటించుచు, కోలె యను మాటను మఱలమఱల పలుకుచు వలయముగా నాడుట చూచి తన లేఖలలో వర్ణించెను. శాస్త్రకారుని లక్షణములకంటె ఆ పరదేశి చూపే ఆటకు దగ్గఱగా నున్నదని నా యభిప్రాయము.

ఇంతకును దీని యాకర్షణ యెచ్చట నున్నది? మొదటిది, ఖర్చు లేదు. మూరెడు లోపు కఱ్ఱలు రెండును, కాళ్ళు రెండును చాలును. కాని యసలు రహస్యము ఉద్దిలో నున్నది. ఇద్దఱిద్దఱు ఉద్దులుగా నేర్పడి, లోవలయమువారును వెలివలయమువారును ఎదురెదురుగా కదలుచు, ఆట నేర్పి నడపు పంతులు ఈలవేసి సంజ్ఞ చేయగనే ఒక కోపు, అనగా ఒక అడుగుల వరుస, విడిచి మఱియొక కోపునకు మాఱుచు, ఒక దెబ్బ తన కోలపైనను, ఒక దెబ్బ ఎదుటివాని కోలపైనను వేయుచు సాగునపుడు, తాళము తప్పినవాని లోపము ప్రేక్షకులకంటె ముందుగా ఎదుటివాని వ్రేళ్ళకు తెలియును. ఎంతటి ప్రజ్ఞావంతుడైనను ఒంటరిగా మెఱయుటకు ఇందు తావులేదు. తన యుద్ది చేతికోల సమయమునకు రానిదే తన దెబ్బకు శబ్దమే లేదు. నడుమ మ్రాను పాతి, దాని శిరముననుండి వ్రేలాడు రంగుత్రాళ్ళను ఒక్కొక్కరొకటి పట్టుకొని జడగా నల్లి, తిరిగి యెదురునడకతో విప్పు జడకోపునందు ఈ పరస్పరాధీనత పరాకాష్ఠ నొందును. ఒక్కడు దారితప్పినను జడ చిక్కుపడును.

ఇటీవలి తరములలో పెక్కు పల్లెలయందు ఇది భజనమందిరముల నాశ్రయించి మగవారి యాటయై యుండినను, నేడు తిరుమల బ్రహ్మోత్సవములందు వాహనములముందు మాడవీథులలో నడచు దళములలో స్త్రీలే యెక్కువ. ఏకవర్ణపు చీరలు, ఎత్తైన ధ్వనిపెట్టెలు వచ్చినవి. పాట ఆడువారి గొంతునుండి యంత్రమునకు మాఱినది. పూర్వము ఉద్దులు తడబడినచో పంతులు పల్లవి నింకొకమాఱు ఎత్తుకొని వారిని కలుపుకొనెడివాడు. ధ్వనిముద్రితగీతము ఎవరికొఱకును ఆగదు గనుక, నేటి గురువులు పాట నిడివిని ముందే కొలిచికొని దానికి సరిపడునట్లు కోపులను కూర్చుచున్నారు.