సాక్ష్యం, పిడికెడు బియ్యం

తెలుగు క్రైస్తవ సంఘాలలో ‘సాక్ష్యం’ అనే మాటకు న్యాయస్థానంతో నిమిత్తం లేని అర్థం ఒకటి స్థిరపడింది. దేవుడు తన జీవితంలో చేసిన మేలును విశ్వాసి సంఘం ఎదుట నిలబడి తన సొంత మాటలలో చెప్పడాన్నే సాక్ష్యమివ్వడం అంటారు. ఊరి పంచాయితీలో నోరు విప్పే అవకాశం దాదాపు లేని మాల, మాదిగ కుటుంబాలే ఈ సంఘాలలో అధికమన్న సంగతిని గుర్తుంచుకుంటే, ఆ మాట వారి నోట ఎంత బరువెక్కిందో బోధపడుతుంది.

ఈ వాడుకకు ఒంగోలు ప్రాంతంలో బలం చేకూరింది. రాజయోగ సాధన చేస్తూ తోళ్ల వ్యాపారం సాగించిన ఎర్రగుంట్ల పేరయ్య 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనులో బాప్తిస్మం పొంది, బేరాలకు తిరిగిన దారులనే పట్టుకొని, చుట్టరికాలను ఆసరా చేసుకొని పల్లె పల్లెకూ తన అనుభవాన్ని చేరవేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడానికి 1876–78 నాటి కరవే కారణమని తరచు చెబుతారు. కరవు ప్రభావాన్ని కాదనడానికి వీల్లేదు గాని, అంతకుముందు పన్నెండేళ్లుగా బంధువుల నోటి నుంచి బంధువుల చెవిన పడుతూ వచ్చిన మాటను లెక్కలోకి తీసుకోకపోతే ఆ సంఖ్య సగమే అర్థమవుతుంది.

పేరయ్య తనంతట తాను చేసిన పనిని దోర్నకల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్పు పాలనలోని సంఘాల సముదాయం, క్రమబద్ధం చేసింది. తిరునల్వేలి తమిళుడై ఉండి తెలుగు నేర్చుకొని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడై ఈ మేత్రాసనాన్ని నడిపిన వి.ఎస్. అజరయ్య, బాప్తిస్మం పొందినవారి చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పడం తమ మీద ఉన్న బాధ్యతగా మాట తీసుకునేవాడు. ఏటా జరిగే సాక్ష్య వారంలో జీతభత్యాలు లేని సాధారణ విశ్వాసులు పనులు మానుకొని జట్లుగా పొరుగు పల్లెలకు వెళ్లేవారు. చదువు రానివారికి కూడా చెప్పుకోవడానికి తమ కథ ఉండేది.

డబ్బు లేని ఇళ్లలో కానుక కూడా ఆ విధంగానే రూపుదిద్దుకుంది. ఎసట్లో పోయడానికి కొలిచిన బియ్యంలోంచి ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసేది. ఆదివారానికి ఆ ముంత గుడికి చేరేది. రోజుకు ఒక పిడికెడే అయినా అది ఆమె కడుపులోంచి తీసిన పిడికెడు. గుడికి మట్టి మోయడం, పందిరి వేయడం వంటి పనులకు ఇచ్చిన దినాలను కూడా ఈ వరుసలోనే చూడాలి. దోర్నకల్ ఆనాడు నిజాం రాజ్యంలోది. దొరల ఇళ్లలో, అధికారుల మకాములలో కూలి లేకుండా చేయించుకునే వెట్టి అక్కడి పేదల నిత్యానుభవం. పైకి రెండూ కూలి లేని పనులే అయినా, ఎవరూ పిలవకుండా తానే వెళ్లి ఇచ్చిన దినం వెట్టికి సరిగ్గా ఎదురు నిలిచేది, ఎందుకంటే తన ఒంటి కష్టం తనదే అయినవాడు మాత్రమే దానిని కానుకగా ఇవ్వగలడు.

మాట, శ్రమ రెండూ ఒకచోట కలిసేది కోత పండుగలో. తొలి పంటను దేవునికి అర్పించే ఆ రోజున వడ్ల మూటలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోడిపెట్టలు గుడి ముందుకు వస్తాయి, వాటిని వేలం పాడి వచ్చిన సొమ్మును సంఘం పనులకు వాడతారు. తెచ్చిన స్త్రీ ఒక్కోసారి కోడిని చంకన పట్టుకొనే నిలబడి, బిడ్డకు జ్వరం తగ్గితే ఇస్తానని మొక్కుకున్న సంగతిని అందరికీ చెప్పి, ఆ తరువాతే దాన్ని పెద్దల చేతికి అందిస్తుంది.