కన్ను లేనివానికి కుక్క తోడు

1927 నవంబరు 5వ తేదీన అమెరికాలోని ఒక ప్రసిద్ధ వారపత్రికలో ఒక వ్యాసం వెలువడినది. వ్రాసినవారు శ్రీమతి డొరోతీ హారిసన్ యూస్టిస్ అనే అమెరికా వనిత. ఆమె స్విట్జర్లాండులో, జెనీవా సరస్సు తీరాన ఉన్న వెవే పట్టణానికి ఎగువన కొండమీద, జర్మన్ షెపర్డ్ కుక్కలను పెంచి పోలీసు మొదలైన పనులకు తర్ఫీదు ఇప్పించేవారు. వ్యాసం మాత్రం ఆమె కేంద్రాన్ని గూర్చినది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో మార్గదర్శి కుక్కల పాఠశాల వెలసినది. తరువాత పోట్స్‌డామ్‌లో ఏర్పడిన అటువంటి పాఠశాలను ఆమె చూచి, ఆ అనుభవాన్ని వ్రాసినారు.

నాష్‌విల్ నగరంలో మారిస్ ఫ్రాంక్ అనే పందొమ్మిదేళ్ళ యువకునికి తండ్రి ఆ వ్యాసం చదివి వినిపించినాడు. ఫ్రాంక్‌కు బాల్యంలో ఒక కన్ను, పదహారవ ఏట ముష్టియుద్ధంలో రెండవ కన్ను పోయినవి. ఎవరో ఒకరు చేయి పట్టుకొంటే గాని వీధిలోకి పోలేని బ్రతుకు. అటువంటి కుక్క తనకు ఎక్కడ దొరకునని అడుగుతూ, దొరికితే ఆ విద్యను తన దేశంలోని అంధులందరికీ అందజేస్తానని ఆమెకు ఉత్తరం వ్రాసినాడు.

చిక్కేమంటే, ఆమె కేంద్రంలో అంధులకు దారి చూపే కుక్క ఒక్కటైనా లేదు! అయినా ఆమె కాదనలేదు. ప్రధాన శిక్షకుడు జాక్ హంఫ్రీ జర్మనుల పద్ధతిని నేర్చుకొన్నాడు. 1928 వసంతంలో ఫ్రాంక్ ఓడ ఎక్కినాడు. ఓడలో ఆయనను మనిషిగా గాక సరుకుమూటగా చూచి, గదిలో పెట్టి తాళం వేసేవారట.

కొండమీద ఆయనకు అప్పగించిన ఆడకుక్క పేరు కిస్, అనగా ముద్దు. నడివీధిలో ఆ పేరు పెట్టి పిలవడానికి సిగ్గుపడి, ఫ్రాంక్ దానిని బడ్డీ అన్నాడు.

ఇటువంటి కుక్కకు దారి తెలుసుననీ, యజమానిని అదే తీసుకొనిపోవుననీ చాలమంది అనుకొంటారు. అది పొరపాటు. ఎక్కడికి పోవలెనో, ఎక్కడ తిరుగవలెనో నిర్ణయించేది మనిషే. ఎరుపు, పచ్చ దీపాల రంగుల తేడాను కుక్క కన్ను సరిగా గుర్తింపలేదు; కనుక వాహనాల చప్పుడు విని, దాటే సమయాన్ని మనిషే ఎంచుకోవలెను. కుక్క ఛాతీకి కట్టిన తోలుపట్టీలకు వంగని పిడి ఒకటి ఉంటుంది. కుక్క ఆగినా, ప్రక్కకు ఒరిగినా ఆ పిడి ద్వారా చేతికి వెంటనే తెలుస్తుంది. తాను సులువుగా దూరిపోగల కొమ్మ యజమాని తలకు తగులునని కూడ కుక్క నేర్చుకోవలెను.

అన్నిటికంటె కష్టమైన పాఠం వేరొకటి. సాధారణంగా శిక్షకుడు కుక్కకు ఆజ్ఞ పాలించడం నేర్పుతాడు. ఇక్కడ, ‘ముందుకు’ అన్నప్పుడు బండి వస్తూ ఉంటే, ఆజ్ఞను ధిక్కరించడం నేర్పవలెను. ఆ ధిక్కారాన్ని నమ్మడం మనిషి నేర్చుకోవలెను. అందుచేత ఆ కొన్ని వారాలలో కుక్క కంటె ఫ్రాంక్‌కే ఎక్కువ శిక్షణ జరిగినదన్నా తప్పులేదు. తప్పుటడుగు వేసినప్పుడల్లా దెబ్బ తగిలేది. హంఫ్రీ జాలిపడేవాడు కాడు. ఒకనాడు ఎవరి తోడూ లేక బడ్డీతో క్షవరశాలకు పోయి వచ్చి, ఫ్రాంక్ పట్టరాని ఆనందం పొందినాడు.

1928 జూన్‌లో న్యూయార్కు రేవులో దిగగానే విలేకరులు ఆయనను చుట్టుముట్టి, వాహనాలతో క్రిక్కిరిసిన వెస్ట్ స్ట్రీట్‌ను దాటి చూపమన్నారు. ఎక్కడ ఉన్నాడో తెలియని ఆ హోరులో ఫ్రాంక్ పూర్తిగా కుక్కకు వశమైపోయినాడు. అది ఆగినప్పుడు ఆగి, కదిలినప్పుడు కదిలి, ఆవలి ప్రక్కకు చేరినాడు. యూస్టిస్‌కు ఆయన పంపిన తంతిలో ఒకే మాట: జయం.

1929 జనవరి 29న నాష్‌విల్‌లో ‘చూచే కన్ను’ అనే అర్థం గల పేరుతో శిక్షణ సంస్థ స్థాపింపబడినది. తరువాత అది న్యూజెర్సీకి మారినది. హోటళ్ళు, రైళ్ళు కుక్కను రానీయనన్న కాలమది. ఫ్రాంక్ ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి వాదించవలసి వచ్చినది. 1938లో బడ్డీ చనిపోయినది. ఆ తరువాత ఆయనకు తోడైన కుక్కలన్నిటికీ ఆయన ఆ పేరే పెట్టుకొన్నాడు.